తిరుపతిలో ఉండి ఏబీఏ సర్టిఫికేషన్‌కి సూపర్‌విజన్‌లో శిక్షణ ఎలా పూర్తి చేయాలి

ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ, మహిళా యూనివర్సిటీలో హోమ్ సైన్స్ చదివిన అమ్మాయిలు నాకు ఫోన్ చేస్తే ముందుగా అడిగేది ఒకటే: "మేడమ్, ఎన్ని గంటలు చేస్తే సర్టిఫికెట్ వస్తుంది?" స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చేసి స్కూళ్ళలో పనిచేస్తున్నవాళ్ళూ ఇదే అడుగుతారు. గంటల లెక్క కింద చెబుతాను. కానీ ఆ గంటల్లో మిమ్మల్ని ఎవరు చూస్తారు, చూసి ఏం చెబుతారు అన్నది తేల్చుకోకుండా మొదలుపెడితే, ఏడాది తర్వాత చేతిలో సంతకాల కాగితాలుంటాయి, ఎదురుగా కూర్చున్న పిల్లాడితో ఏం చేయాలో మాత్రం తెలియదు. నేను బైరాగిపట్టెడలో చిన్న సెంటర్ నడుపుతున్నాను. ఆటిజం ఉన్న పిల్లలతో అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ (ఏబీఏ, అంటే ప్రవర్తనకి ముందూ వెనకా ఏం జరుగుతోందో చూసి, దాన్నిబట్టి నేర్పే పద్ధతి) చేస్తాను, శిక్షణలో ఉన్నవాళ్ళకి సూపర్‌వైజర్‌గా ఉంటాను. ఈ ఊళ్ళో, చిత్తూరులో ఉండి ఈ దారి పట్టాలనుకునేవాళ్ళకి పనికొచ్చేవే రాస్తున్నాను.

ముందు ఏ సర్టిఫికెట్ అన్నది

చాలామంది యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి "బీసీబీఏ చేస్తాను" అంటారు. బీసీబీఏ అంటే అనలిస్ట్, అంటే అంచనా వేసి ప్లాన్ రాసే స్థాయి సర్టిఫికెట్. దాన్ని ఇచ్చేది అమెరికాలోని బీఏసీబీ అనే బోర్డు. 1998లో మొదలైంది. 2023 జనవరి 1 నుంచి ఆ బోర్డు మన దేశంలో ఉండేవాళ్ళ దగ్గర కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. అంతకుముందే సర్టిఫికెట్ వచ్చినవాళ్ళు కొనసాగుతున్నారు. కాబట్టి "మా కోర్సు చేస్తే ఇక్కడినుంచే బీసీబీఏ అయిపోవచ్చు" అని ఎవరైనా ఫీజు అడిగితే డబ్బు కట్టకండి.

ఇక్కడ ఉండేవాళ్ళకి ఇప్పుడున్న ప్రధాన దారులు రెండు. ఒకటి ఐబీఏఓ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చేది. అందులో ఐబీటీ అంటే థెరపిస్ట్ స్థాయి, దానికి 40 గంటల శిక్షణ కావాలి. ఐబీఏ అంటే అనలిస్ట్ స్థాయి. దానికి మాస్టర్స్ డిగ్రీ, 270 గంటల చదువు, 1000 గంటలు సూపర్‌విజన్‌లో పని, తర్వాత పరీక్ష. రెండోది క్యూఏబీఏ అనే బోర్డు. వాళ్ళ మొదటి మెట్టు పేరు ఏబీఏటీ, దానికీ 40 గంటల కోర్సు ఉంది. నియమాలు మారుతుంటాయి, అందుకని డబ్బు కట్టేముందు ఆ సంస్థ సైట్‌లో ఉన్న తాజా హ్యాండ్‌బుక్ మీరే డౌన్‌లోడ్ చేసుకుని చదవండి. కోచింగ్ వాళ్ళు వాట్సాప్‌లో పంపే పోస్టర్ నమ్మొద్దు.

ఇంకో విషయం ముందే తెలిసి ఉండాలి. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ కావాలి, దానికి 1992 చట్టం ఉంది. ఏబీఏ సర్టిఫికెట్ దానికి బదులు కాదు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం పట్టికలో బిహేవియరల్ అనలిస్ట్ అనే పేరు చేర్చారు. అయినా సరే, ఇక్కడ ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ముందు అడిగేది ఆర్‌సీఐ నంబరే. నన్నడిగితే, డిప్లొమా ఇన్ స్పెషల్ ఎడ్యుకేషన్ ఉన్న అమ్మాయి ఏబీఏలో శిక్షణ పొందితే మన జిల్లాల్లో ఆమెకి పనికి లోటుండదు. మాస్టర్స్ లేనివాళ్ళు థెరపిస్ట్ స్థాయితో మొదలుపెట్టండి, అందులో చిన్నతనమేమీ లేదు. పిల్లాడి పక్కన ఎక్కువసేపు కూర్చునేది థెరపిస్టే.

1000 గంటలంటే వారానికి 20 గంటల చొప్పున 50 వారాలు. ఉద్యోగం చేస్తూ వారానికి 12 గంటలే కుదిరితే ఏడాదిన్నర దాటుతుంది. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారనో, వేరే ఊరికి వెళ్ళాల్సి వస్తుందనో మధ్యలో ఆపేసేవాళ్ళని చూశాను. ఇంట్లో ఈ లెక్క ముందే చెప్పి ఒప్పించుకోండి.

సూపర్‌వైజర్‌ని వెతకడం

అసలు కష్టం ఇక్కడే. తిరుపతిలో, చిత్తూరులో స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) సెంటర్లు చాలానే ఉన్నాయి. బోర్డు మీద ఏబీఏ అని రాసుకున్నవీ ఉన్నాయి. లోపల సర్టిఫికెట్ ఉన్న అనలిస్ట్ ఉన్నారో లేదో అడగాలి. ఆయా సంస్థల సైట్‌లో సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ పేర్ల జాబితా ఉంటుంది, అందులో పేరు చూసుకోండి. అడగడానికి మొహమాటపడకండి. వచ్చే ఏడాదంతా మీ పని వాళ్ళ సంతకం మీదే నడుస్తుంది.

ఊళ్ళో దొరక్కపోతే చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉన్నవాళ్ళు జూమ్‌లో సూపర్‌విజన్ ఇస్తారు. అది చెల్లుతుంది. అయితే వాళ్ళతో మొదటి ఫోన్‌లోనే ఇవి అడగండి: నేను పిల్లలతో పనిచేస్తుంటే మీరు నేరుగా చూస్తారా, నెలకి ఎన్నిసార్లు? గ్రూప్ మీటింగ్ ఎంత, నాతో విడిగా ఎంత? నేను రాసిన ప్లాన్ మీద మీరు దిద్ది ఇస్తారా? మీ దగ్గర ఇప్పుడు ఎంతమంది శిక్షణలో ఉన్నారు? చివరి ప్రశ్నకి వచ్చే జవాబు చాలా చెబుతుంది. పాతికమందిని పెట్టుకుని నెలకోసారి అందర్నీ ఒకే జూమ్‌లో కూర్చోబెట్టేవాళ్ళ దగ్గర మీరు ఉపన్యాసం వింటారు, అంతే.

బీఏసీబీ నిబంధన ఇక్కడ మనకి వర్తించకపోయినా, కొలబద్దగా పెట్టుకోడానికి బాగుంటుంది. మామూలు ఫీల్డ్‌వర్క్‌లో పనిచేసిన గంటల్లో కనీసం 5 శాతం సూపర్‌విజన్ ఉండాలి, అందులో గ్రూప్ సగానికి మించకూడదు. నెలకి 80 గంటలు చేస్తే 4 గంటలు, అందులో 2 గంటలైనా మీకోసమే. ఇది కనీసం మాత్రమే. కొత్తవాళ్ళకి మొదటి రెండు మూడు నెలలు నేను ఇంతకు రెట్టింపు పెడతాను.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఫీజు ఎంత, ఎప్పుడు కట్టాలి, మధ్యలో మానేస్తే ఏమవుతుంది, చేసిన గంటలకి సంతకం ఎప్పుడు పెడతారు, సూపర్‌వైజర్ ఏ కారణంతో సంతకం నిరాకరించవచ్చు, అన్నీ అందులో ఉండాలి. "మనలో మనకి కాగితాలెందుకమ్మా" అనే పెద్దమనిషి దగ్గర కూడా కాగితం రాయించుకోండి. శిక్షణ పేరుతో జీతం లేకుండా సెంటర్‌లో రిసెప్షన్ పని, ఫీజు వసూళ్ళు చేయిస్తే ఆ గంటలు లెక్కలోకి రావు. ఇదీ ఒప్పందంలో రాయించండి.

మొదటి నెల: చూసింది చూసినట్టు రాయడం

నా దగ్గరికి వచ్చినవాళ్ళకి మొదటి వారాల్లో పిల్లలకి ఏమీ నేర్పనివ్వను. ఒక మూల కూర్చుని రాయమంటాను. "ఈరోజు బాగా అల్లరి చేశాడు", "మూడ్ బాలేదు", "మొండికేశాడు" అని రాసుకొస్తారు. వాటిని పక్కన పెట్టి అడుగుతాను: నువ్వు సెలవు పెట్టిన రోజు నీ బదులు కూర్చునే అమ్మాయి ఇది చదివి, నువ్వు లెక్కపెట్టిందే లెక్కపెట్టగలదా? అప్పుడు రాత మారుతుంది. "కుర్చీలోంచి లేచి రెండు అడుగులకంటే దూరం వెళ్ళడం", "అరచేత్తో తన తలమీద చప్పుడు వినబడేలా కొట్టుకోవడం" అని వస్తుంది. ఎక్కడ మొదలైనట్టు, ఎక్కడ అయిపోయినట్టు అన్నది కూడా రాయాలి. రెండు దెబ్బల మధ్య మూడు సెకన్లు ఆగితే రెండుగా లెక్కపెట్టాలా, ఒకటేనా? ముందే తేల్చుకోండి.

తర్వాత ఏబీసీ డేటా. ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, వెంటనే ఏం జరిగింది. ఇంట్లో అన్నం పెట్టే సమయంలో అమ్మ ఫోన్ తీసుకుంది, పిల్లాడు గ్లాసు విసిరేశాడు, అమ్మ ఫోన్ ఇచ్చేసింది. ఇలాంటివి ఒకటి చూసి నిర్ణయానికి రాకూడదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషుల దగ్గర ఇదే వరస పదేపదే కనబడితే, గ్లాసు విసరడం ఫోన్ తిరిగి రావడం కోసమే కావచ్చని అనుకోవచ్చు. అదే గ్లాసు ఇంకో పిల్లాడు అన్నం తప్పించుకోడానికి విసరవచ్చు. బయటికి ఒకేలా కనబడుతున్నా రెండింటికీ ప్లాన్ వేరు. మొదటివాడికి "ఫోన్ కావాలి" అని అడగడం, కాసేపు ఆగడం నేర్పాలి. రెండోవాడికి "చాలు" అనడం నేర్పాలి, ఆ అన్నంలో వాడికి ఏది పడటం లేదో కూడా చూడాలి.

మీ డేటా నమ్మదగినదో కాదో తెలియాలంటే ఇంకొకరు మీ పక్కన కూర్చుని, మీ షీట్ చూడకుండా విడిగా రాయాలి. 20 ట్రయల్స్‌లో (పిల్లాడి ఒక్కో ప్రయత్నం ఒక ట్రయల్) 17 చోట్ల ఇద్దరి రాత కలిస్తే 85 శాతం. 80కి తగ్గితే పిల్లాడి గురించి ఏమీ తేల్చకండి, ముందు మీ నిర్వచనాన్ని సరిచేసుకోండి. దీన్ని ఐఓఏ అంటారు. ఇద్దరు ట్రైనీలు ఒకే సెంటర్‌లో ఉంటే ఇది చాలా తేలిక. ఒక్కరే ఉంటే సూపర్‌వైజర్ వీడియో చూసి రాయాలి.

రీఇన్‌ఫోర్సర్, అంటే చేసిన పని మళ్ళీ చేయాలనిపించేలా వెంటనే ఇచ్చేది. దాని విషయంలో అంచనాలు వద్దు. "వాడికి చాక్లెట్ అంటే ప్రాణం" అని అమ్మ చెప్పినా సరే, పరీక్షించి చూడండి. ఐదారు వస్తువులు వరసగా పెట్టి ఒకటి తీసుకోనివ్వండి, తీసుకున్నది తిరిగి పెట్టకుండా మిగతావి మళ్ళీ చూపండి. ఇలా రెండు మూడు విడతలు చేస్తే వరస తెలుస్తుంది. మా సెంటర్‌లో ఒక బాబుకి చాక్లెట్, మురుకులు అన్నింటికన్నా ముందు వచ్చింది టార్చ్‌లైట్. ఈ వరస వారంలో మారిపోతుంది, అందుకని మళ్ళీ మళ్ళీ చేయాలి.

సూపర్‌వైజర్ మీకు ఎలా నేర్పించాలి

మంచి సూపర్‌విజన్ నాలుగు మెట్లలో నడుస్తుంది: చెప్పడం, చేసి చూపించడం, మీచేత చేయించడం, వెంటనే దిద్దడం. దీన్నే బీఎస్‌టీ అంటారు. ఇందులో ఎక్కువగా ఎగ్గొట్టేది మూడోది. ప్రాంప్ట్, అంటే పిల్లాడికి అందించే సాయం, ఎలా తగ్గించాలో స్లైడ్‌లో చూపించి "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. పిల్లాడి చెయ్యి పట్టుకుని చేయించి, తర్వాత మణికట్టు దగ్గర తాకి, తర్వాత మోచేతి దగ్గర తాకి, చివరికి చెయ్యి తీసేయడం చేతికి అలవాటవ్వాలి. అందుకే ముందు నేనే పిల్లాడిలా కూర్చుంటాను. అరుస్తాను, కాగితం చింపుతాను, బల్ల కిందికి దూరతాను. అక్కడ కుదిరాకే పిల్లాడి దగ్గరికి.

మీ సూపర్‌వైజర్ ఇలా చేయకపోతే మీరే అడగండి: "మేడమ్, ఒకసారి నాతో రోల్‌ప్లే చేయండి, తర్వాత నేను సెషన్‌లో చేస్తాను, మీరు చూడండి." అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు. ఫీడ్‌బ్యాక్ రాతలో తీసుకోండి. "బాగుంది" అన్నది ఫీడ్‌బ్యాక్ కాదు. "పిల్లాడు సరిగ్గా చేశాక నువ్వు ఐదు సెకన్లు ఆగి ఇచ్చావు, ఒక సెకన్‌లో ఇవ్వు" అన్నది ఫీడ్‌బ్యాక్.

దూరంనుంచి సూపర్‌విజన్ అయితే ఫోన్‌ని ట్రైపాడ్ మీద, పిల్లాడి చేతులూ మీ చేతులూ రెండూ కనబడే కోణంలో పెట్టండి. చాలా వీడియోల్లో ట్రైనీ వీపే కనబడుతుంది. వీడియో తీసేముందు తల్లిదండ్రుల అనుమతి తెలుగులో రాసిన కాగితం మీద తీసుకోండి. ఎవరు చూస్తారు, ఎప్పుడు తొలగిస్తారు అన్నది చదివి వినిపించండి. చిత్తూరు, నగరి వైపు కుటుంబాల్లో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళుంటారు, వాళ్ళకి తమిళంలో చెప్పించండి. ఆ వీడియో సెంటర్ వాట్సాప్ గ్రూప్‌లోకి వెళ్ళకూడదు, స్టేటస్‌లోకి అసలే వెళ్ళకూడదు.

ఒక కేసు మొదటినుంచి చివరిదాకా

గంటల్లో పెద్ద భాగం టేబుల్ దగ్గర రంగులు, ఆకారాలు నేర్పడంతో గడిచిపోనివ్వకండి. అంచనా వేయడం, ప్లాన్ రాయడం, గ్రాఫ్ చూసి మార్చడం, ఇంటివాళ్ళకి నేర్పడం, ఇవన్నీ మీరే చేయాలి. కనీసం ఒక కేసు మొదటినుంచి మీ చేతుల మీదుగా నడవాలి. నా దగ్గర శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి చేసిన కేసు చెబుతాను.

ఐదేళ్ళ బాబు. పుట్టువెంట్రుకలు కొండమీదే తీయిస్తామని మొక్కు. తలమీద చెయ్యి పడితేనే కొట్టుకునేవాడు. వాళ్ళ అవ్వ వచ్చి, "నలుగురం పట్టుకుంటే ఐదు నిమిషాల్లో అయిపోద్ది కదా టీచరమ్మా" అంది. ఆమె తప్పేమీ లేదు, ఇన్నేళ్ళుగా మొక్కు బాకీ ఉందని ఆమె బాధ. మా అమ్మాయి వెంటనే ప్రోగ్రామ్ రాసేయబోయింది. ఆగమన్నాను. ముందు ఇంటివాళ్ళతో కూర్చుని మాట్లాడాలి: ఈ పని ఎవరికోసం, ఎంత తొందర, వేరే మార్గం ఉందా? వాళ్ళే చెప్పారు, మూడు కత్తెరలు ఇచ్చి ప్రస్తుతానికి సరిపెట్టుకోవచ్చని. గుండు సంగతి బాబు తట్టుకోగలిగినప్పుడు చూద్దామన్నారు. ఆ నిర్ణయం వాళ్ళది. ఆ దేవుడికీ ఆ ఇంటికీ మధ్య ఉన్న మాటలో మనం దూరకూడదు.

తర్వాత పనిని విడగొట్టింది. కింద కూర్చోవడం, పెద్దవాళ్ళ ఒడిలో తల వంచడం, తల తడపడం, తలమీద చెయ్యి ఒక సెకన్, మూడు సెకన్లు, పది సెకన్లు, దువ్వెన, మూసిన కత్తెర తాకడం, కత్తెర చప్పుడు, చివరికి ఒక వెంట్రుక. దీనికి సమాంతరంగా, అన్నింటికన్నా ముఖ్యంగా, బాబుకి "ఆపు" అని చెయ్యి చూపడం నేర్పింది. చెయ్యి చూపగానే నిజంగా ఆపేయాలి, ఒక్కసారి కూడా తప్పకుండా. ఇది చాలామంది కొత్తవాళ్ళకి మింగుడుపడదు, "ఆపితే ఎప్పటికీ చేయనివ్వడు కదా మేడమ్" అంటారు. ఈ బాబు గ్రాఫ్ వేరుగా చెప్పింది. ఆపమంటే ఆగుతుందని తెలిశాక ఆపమనడమే తగ్గింది.

తల తడిపే మెట్టు దగ్గర గ్రాఫ్ కదలకుండా నిలిచిపోయింది. మామూలుగా ఇక్కడ రీఇన్‌ఫోర్సర్ పెంచుదామంటారు. నేను సెషన్ చూసి, నీళ్ళు చల్లగా ఉన్నాయేమో పట్టుకుని చూడమన్నాను. గోరువెచ్చని నీళ్ళు పెట్టాక మళ్ళీ కదిలింది. ఇలాంటివి డేటా షీట్ ఒక్కటే చూస్తే దొరకవు, ఎవరో ఒకరు వచ్చి చూడాలి. చివరి మెట్లు సెంటర్‌లో కాకుండా ఇంటి వరండాలో, బంధువులు మాట్లాడుతుండగా, టీవీ మోగుతుండగా చేయించింది. కల్యాణకట్టలో నిశ్శబ్దం ఉండదు కదా. మూడు కత్తెరలు బాబు వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చుని ఇచ్చాడు, ఎవరూ పట్టుకోలేదు.

చెయ్యి చేసుకోవడం గురించి

ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు ఏబీఏ మీద చేసే విమర్శలు చదవండి. కోపం తెచ్చుకోకుండా చదవండి. 1987లో ఐవార్ లోవాస్ ప్రచురించిన అధ్యయనంలో గట్టిగా కసురుకోవడం, అప్పుడప్పుడు తొడమీద కొట్టడం కూడా ఉన్నాయి. బలవంతంగా కళ్ళలోకి చూడమనడం, చేతులు ఆడించకుండా ఆపడం ఈమధ్య దాకా కొన్నిచోట్ల నడిచాయి. ఎవరికీ ఇబ్బంది లేని చేతుల ఊపుని ఆపే లక్ష్యం మీ ప్లాన్‌లో ఉంటే తీసేయండి. మన దగ్గర ఇంట్లో, బడిలో "ఒక్కటి వేస్తే దారికొస్తాడు" అన్న మాట ఇంకా ఉంది. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. థెరపీ గదిలో దానికి చోటే లేదు. మీరు శిక్షణ పొందే సెంటర్‌లో పిల్లల్ని గిల్లడం, గదిలో బంధించడం చూస్తే, తేదీతో రాసి సూపర్‌వైజర్‌కి చెప్పండి. సూపర్‌వైజర్ కూడా సర్దుకుపొమ్మంటే గంటలు పోయినా సరే బయటికి రండి.

కానుకల సంగతి ఇక్కడ తప్పకుండా వస్తుంది. కొండకి వెళ్ళొచ్చిన ప్రతి ఇంటివాళ్ళూ లడ్డూ తెస్తారు. ప్రసాదం తీసుకోండి, అందరికీ పంచండి, సూపర్‌వైజర్‌కి చెప్పండి. కృతజ్ఞతగా ఎప్పుడో ఒకసారి ఇచ్చే చిన్నదాన్ని బీఏసీబీ నియమావళి కూడా తప్పనలేదు. పట్టుచీర, వెండి కుంకుమభరిణ మాత్రం చేతులెత్తి దండం పెట్టి వెనక్కి ఇవ్వండి. మర్నాడు వాళ్ళ పిల్లాడి ప్రోగ్రామ్ పనిచేయడం లేదని మీరే చెప్పాల్సి రావచ్చు.

లాగ్, పరీక్ష

గంటలు ఏరోజుకారోజు రాయండి. తేదీ, మొదలు, ముగింపు, ఏం చేశారు, పిల్లలతోనా విడిగానా, సూపర్‌వైజర్ ఉన్నారా. పిల్లాడి పేరు బదులు కోడ్ రాయండి. నెలాఖరున సంతకం తీసుకోండి, మూడు నెలలవి కలిపి తీసుకుందామని ఆగకండి. సూపర్‌వైజర్ ఊరు మారతారు, సెంటర్ మూతపడుతుంది. సంతకం ఉన్న ప్రతి కాగితం స్కాన్ చేసి రెండు చోట్ల దాచండి. బీఏసీబీ 7 ఏళ్ళు దాచమంటుంది, మీరూ అంతే పెట్టుకోండి.

పరీక్ష ఇంగ్లీషులో రాసేటట్లయితే, తెలుగు మీడియంలో చదివినవాళ్ళు మొదటి నెలనుంచే ప్రతి పదానికీ తాము చూసిన ఒక పిల్లాడి ఉదాహరణ రాసుకుంటూ పోవాలి. నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్‌ని శిక్ష అనుకుని తప్పు పెట్టేవాళ్ళు చాలామంది. "చాలు" అనగానే అన్నం కంచం తీసేశారు, అందువల్ల "చాలు" అనడం పెరిగింది. ఇష్టంలేనిది తొలగడం వల్ల ప్రవర్తన పెరిగింది కాబట్టి అది నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. ఇలా సొంత కేసుతో గుర్తుపెట్టుకుంటే ప్రశ్న ఎంత తిప్పి అడిగినా తడబడరు. ఇలాంటి నోట్‌బుక్ నింపిన అమ్మాయిలకి చివరి నెలలో విడిగా కోచింగ్ అక్కర్లేకపోయింది.

ఇదంతా చదివి మొదలుపెట్టాలనుకుంటే, డబ్బు కట్టేముందు ఒక పని చేయండి. దగ్గర్లో అనలిస్ట్ ఉన్న సెంటర్‌కి ఫోన్ చేసి, తల్లిదండ్రుల అనుమతితో రెండు రోజులు కూర్చుని చూడొచ్చా అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. నేనైతే ఒప్పుకుంటాను, నోట్‌బుక్ తెచ్చుకోమని మాత్రం చెబుతాను.